నాలుగు కాజాల సేపు

చొక్కాకు మూడో కాజా సగంలో ఉండగా, పక్కన చదువుతున్న కూతురి గొంతు ఆగింది. కాజాలక్క దారం లాగుతూనే, “కానీ, ఇంకా ఒకటిన్నర ఉంది,” అంది.

“ది... దిగంతం అంటే?”

కాజాలక్క సూదిని గుడ్డలోనే ఆపి ఆలోచించింది. దూరంగా ఉండేదేదో అని తెలుసు. ఎంత దూరమో, అక్కడ ఏముంటుందో చెప్పలేకపోయింది. “నాకూ సరిగ్గా తెలీదు. రాసి పెట్టుకో, చూద్దాం.”

కూతురు పుస్తకం అంచున ఆ మాట రాసుకుని మళ్ళీ చదవసాగింది.

ఆ వీధిలో చేత్తో కాజాలు కుట్టేది ఆమె ఒక్కతే. రెండు దర్జీ దుకాణాల వాళ్ళు గుండీలు పెట్టని చొక్కాలు, కోట్లు మూటలు కట్టి పంపేవారు. అందుకే పిన్నలూ పెద్దలూ అందరికీ ఆమె కాజాలక్క. ముప్పై ఎనిమిదేళ్ళు. ఎడమచేతి నడిమివేలి కొస సూది పోట్లకు గట్టిపడి, గోరుకీ చర్మానికీ తేడా లేకుండా పోయింది. కళ్ళజోడు ఒక కాడ విరిగితే నల్లదారం చుట్టి అతుకు వేసుకుంది. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతుండేది. కూరగాయలకు వెళ్ళినా తీయడం మరిచిపోయేది.

గోడ మీద గోధుమరంగు కాగితం ఒకటి నాలుగు గుండుసూదులతో గుచ్చి ఉంది. గుడ్డ కత్తిరించే ముందు కొలతలు గీసుకునే కాగితమే అది. దాని మీద ఆ వారం కూతురు చదవాల్సినవన్నీ గీతలు గీసి రాసింది. కథల పుస్తకం, నాలుగు కాజాల సేపు. భిన్నాలు, ఆరు కాజాలు. ఎక్కాలు, చొక్కాలు మడత పెట్టినంతసేపు. ప్రతి పాఠం ఎదుట మూడు గళ్ళు ఉన్నాయి. వచ్చింది, రాలేదు, ఏమో.

మొదట్లో ఇలా ఉండేది కాదు. అయిదేళ్ళ కిందట, రెండో తరగతిలో ఉండగా, నత్తి వల్ల జవాబు బయటికి రాని ఈ పిల్లను టీచరు “చెప్పేదాకా నిలబడు” అంది. పిల్ల గంట కొట్టేదాకా నిలబడింది. మర్నాడూ అంతే. మూడోరోజు నుంచి బడిలో నోరు తెరవడమే మానేసింది. అన్నం డబ్బా మూత తీయకుండా ఇంటికి వచ్చేది. పదిరోజులు ఇంట్లో ఉంచుదామనుకున్నారు. ఆ పదిరోజులే అయిదేళ్ళయ్యాయి.

ఇంటి చదువుకు ఏర్పాటు ఎలా చేసుకోవాలో చెప్పే అచ్చు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చింది కాజాలక్క. అందులో ప్రతి అరగంటకూ ఒక బొమ్మా, ఒక పనీ ఉన్నాయి. సోమవారం పదింటికి చెట్ల కింద నడక అని ఉండేది. సరిగ్గా ఆ వేళకే దుకాణం మూట వచ్చేది. ఒక పాఠం తప్పితే దాని వెనకవన్నీ తప్పేవి. పదకొండో రోజున పుస్తకం మూసి బీరువా పైన పెట్టి, కాసేపు ఏడ్చి, ఒక కోటుకు కాజాలు కుట్టింది. కుట్టినంతసేపూ కూతురు పక్కన కూర్చుని గుండీలు లెక్కపెట్టింది. రంగుల వారీగా వేరు చేసింది. ఆరేసి చొప్పున పేర్చింది. ఆ ఆదివారం కాజాలక్క గోధుమరంగు కాగితం పరచి, స్కేలు పెట్టి, తన పని కొలతల్లోనే మొదటి వారం గీసుకుంది.

మూడో గడి తర్వాత వచ్చి చేరింది. పిల్లకు భాగహారం వచ్చిందో రాలేదో తేల్చలేక ఒకరోజు పక్కన “ఏమో” అని రాసింది. తర్వాత ఆ మాట ఎన్నిసార్లు రాయాల్సి వచ్చిందంటే దానికో గడి కట్టక తప్పలేదు. తన కొడుకుని ఇంట్లోనే చదివించుకుంటున్న బ్యాంకు ఉద్యోగిని ఒకామె కోటు ఇవ్వడానికి వచ్చి, గోడ మీది కాగితం చూసి, నకలు తీసుకుంటానంది. ఆమె ద్వారా ఇంకో మూడిళ్ళకు పాకింది. వాళ్ళంతా కాజాలన్న మాట కొట్టేసి నిమిషాలు రాసుకున్నారు గానీ మూడో గడిని మాత్రం ఎవరూ తీయలేదు.

కాజాలక్క నాలుగో కాజా ముడి వేసి దారం కొరికింది. కూతురు పుస్తకం మూసింది. “వె... వెళ్దామా?”

మూడు వారాల కిందట చొక్కాలు మడత పెడుతూ అడిగింది పిల్ల, “అమ్మా, బడికెళ్ళి చూడనా?” అని. ఎందుకని అడిగితే తెలియదంది. అప్పట్నుంచీ కాజాలక్కకు పాలుపోలేదు. తను సరిగ్గా చెప్పలేకపోయినందుకు వెళ్తానంటోందా, సరిగ్గా చెప్పినందుకే వెళ్ళగలనంటోందా? ఎటు లాగినా చిక్కుపడిన దారంలా కొస దొరకలేదు. భర్తను అడిగితే తను నడిపే రొట్టెల వ్యాను తుడుస్తూ, “దొరసాని అడిగిందిగా, చూపించు. నచ్చకపోతే ఇల్లెక్కడికీ పోదు,” అన్నాడు. కూతుర్ని ఆయన దొరసాని అనేవాడు. అందరినీ తన కోసం ఆగేలా చేస్తుందని.

పెద్దటీచరు పదకొండింటికి రమ్మంది. ఏం పట్టుకెళ్ళాలో కాజాలక్కకు తోచలేదు. కూతురి పుస్తకాలు తీసింది, పెట్టింది. చివరకు అయిదేళ్ళ గోధుమరంగు కాగితాలూ చుట్ట చుట్టి, కర్టెను గుడ్డలా చంకలో పెట్టుకుంది.

బడి మూడు వీధుల అవతల ఉంది. పెద్దటీచరు గదిలో రెండు కుర్చీలు, అద్దాల బీరువా, దాని మీద చిరిగిన భూగోళం ఉన్నాయి. పెద్దటీచరు సన్నగా, నెరిసిన జుట్టుతో, జలుబు చేసినట్టు ముక్కు తుడుచుకుంటూ కూర్చుంది. “నీ పేరేమిటమ్మా?” అని పిల్లను అడిగింది.

పిల్ల మొదటి అక్షరం దగ్గర ఆగింది. కాజాలక్క పెదవులు వాటంతటవే కదిలాయి. పెద్దటీచరు చెయ్యెత్తి ఆమెను వారించి, అలాగే కూర్చుంది. భూగోళం మీద ఈగ ఒకటి సముద్రం దాటి నేల మీదికి వచ్చింది. పిల్ల పేరు చెప్పింది.

“బాగుంది. ఇంట్లో ఏ తరగతి దాకా చెప్పారండీ?”

“తరగతి అని కాదండీ,” అంది కాజాలక్క. “భిన్నాలు వచ్చు. చుట్టుకొలత, వైశాల్యం వచ్చు. గుడ్డ ఎంత పడుతుందో నాకంటే ముందే చెప్తుంది. దశాంశాలు... ఒకరోజు వచ్చినట్టుంటాయి, ఇంకోరోజు రానట్టుంటాయి.”

పెద్దటీచరు కాగితాల చుట్ట విప్పింది. అవి మళ్ళీ చుట్టుకుపోతుంటే నాలుగు మూలలా గాజు బరువులు పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివింది. “నాలుగు కాజాలంటే ఎంతసేపు?”

“ఇరవై నిమిషాలండీ. కోటు గుడ్డయితే ఇంకో ఎనిమిది కలుపుకోవాలి.”

పెద్దటీచరు నవ్వలేదు. ఆ లెక్కను పక్కనున్న కాగితం మీద రాసుకుంది. తర్వాత పిల్ల చేతికి ప్రశ్నల పత్రమిచ్చి, కలమిచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. పిల్ల రాస్తున్నంతసేపూ కాజాలక్కకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మెడలో టేపు తగిలింది. తీసి, వేలికి చుట్టి, సంచిలో వేసుకుంది.

“లెక్కల్లో ఏడో తరగతి దాటిపోయింది,” అంది పెద్దటీచరు పత్రం చూసి. “చదవడం బాగుంది. చరిత్ర మాత్రం అసలు లేదు.”

“చరిత్ర ఎప్పుడూ వచ్చే వారానికి వెళ్ళిపోయేదండీ.”

“ఆరులో కూర్చోబెడదాం. అదీ ఇదీ సర్దుకుంటుంది.”

పన్నెండేళ్ళ పిల్ల ఏడులో ఉండాలి. ఒక తరగతి తగ్గినందుకు బాధపడాలో, లెక్కల్లో ఒకటి దాటినందుకు సంతోషించాలో కాజాలక్కకు అర్థం కాలేదు. రెండూ కలిపి, “సరేనండీ,” అంది.

“ఇప్పుడు సైన్సు పీరియడు. కూర్చుంటావా?” అని పెద్దటీచరు పిల్లనే అడిగింది.

“రేపట్నుంచి అనుకున్నామండీ. డబ్బా కూడా తేలేదు,” అంది కాజాలక్క.

పిల్ల తల్లి వంక చూసింది, టీచరు వంక చూసింది. “కూ... కూర్చుంటా,” అంది.

నడవాలో గోడ సగం దాకా నీలంరంగు వేసి ఉంది. ఆరో తరగతి తలుపు దాకా ముగ్గురూ నడిచారు. తలుపు దగ్గర కాజాలక్క వంగి కూతురి మెడవెనక వేలాడుతున్న దారప్పోగు తుంచింది. “ఆకలేస్తే చెప్పు,” అంది. పిల్ల తలూపి లోపలికి వెళ్ళింది. తలుపు దగ్గరికి వేశారు.

లోపల ఎవరో పేరు అడగడం వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. కాజాలక్క తలుపు దగ్గరే నిలబడింది. బెంచీలు జరిగిన చప్పుడు, ఏదో నవ్వు. ఆ నవ్వు ఎలాంటిదో తలుపు ఇవతల నుంచి పోల్చుకోవడం కుదరలేదు. “నాలుగింటికి వదులుతారమ్మా,” అన్నాడు గంట కొట్టే మనిషి, మెట్ల వైపు చూపిస్తూ.

ఇంటికొచ్చేసరికి భర్త ఖాళీ ట్రేలు దించి అన్నం తింటున్నాడు. “దొరసాని ఏదీ?”

“బళ్ళో కూర్చుంది.”

“అప్పుడేనా? మరి నువ్వెందుకొచ్చావ్?”

“పన్నెండేళ్ళ పిల్ల పక్కన నేనెక్కడ కూర్చోను?”

ఆయన అన్నం కలుపుతూ అడిగాడు, “ఏడ్చిందా?”

“లేదు.”

“నువ్వో?”

కాజాలక్క మూట విప్పింది. ఎనిమిది చొక్కాలు. సుద్దతో గుర్తులు పెట్టి, మొదటి కాజా కత్తిరించి, దారం ఎక్కించింది. రెండో వైపు అంచు కుడుతూ, తల ఎత్తకుండానే, “ముప్పై ఆరులో మూడోవంతు?” అంది.

పిల్ల కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

“పన్నెండు,” అన్నాడు భర్త పళ్ళెం ముందు నుంచి. చెయ్యి కడుక్కుని, ట్రేలు ఎత్తుకుని, నాలుగింటికి తనే వ్యాను తీసుకుని బడి దగ్గరికి వెళ్తానని చెప్పి బయల్దేరాడు.

వెలుతురు చాలక కాజాలక్క లేచి కిటికీ తెర పక్కకు లాగింది. గట్టు మీద గాజుగ్లాసు ఒకటి ఉంది. ఉప్పునీళ్ళు. పైన అడ్డంగా పెన్సిలు, పెన్సిలుకు కట్టిన తెల్లదారం నీళ్ళలోకి దిగి ఉంది. గ్లాసుకు అతికించిన కాగితం మీద పిల్ల చేతిరాత: కదపొద్దు, శుక్రవారం దాకా. కాజాలక్క తెరను మెల్లగా వదిలి, కళ్ళజోడు సరిచేసుకుని వంగి చూసింది. దారం కొసన, గుండుసూది తలంత, నాలుగు పలకలుగా ఉప్పు పలుకేదో కట్టుకుంటోంది.