గోడ మీద గాజు పట్టీలు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. మిషను కుట్టే మా అమ్మ, నేను. కింద వసారాలో ఇస్త్రీ మామ, అత్త, వాళ్ల ఇద్దరు ఆడపిల్లలు. మెట్ల కింది గదిలో ఆసుపత్రి ఆయా పిన్ని, డ్యూటీ దిగి వచ్చి అప్పుడే చాప పరుచుకుంటోంది. మేడ మీద ప్రెస్సు బాబాయి, ఆయన తల్లి మామ్మ. మామ్మ మెట్లు దిగి రెండేళ్లయింది. తాపీ తాత మాత్రం లేడు. ఏదో ఊళ్లో పాత బావి కూలిపోతోందంటే దాని ఒర కట్టడానికి వెళ్లాడు. ఆయన ఉంటే మేం ఆ తప్పు చేసేవాళ్లం కాదు.

పది గంటలకు మున్సిపాలిటీ ఇంజనీరు వచ్చాడు. ఆయన వెనకాలే ఇల్లు కొన్న కాంట్రాక్టరు. ఇంజనీరు చేతిలో మూరెడు ఇనప చువ్వ ఉంది. పెద్ద హాలులో గోడ మీద వేలు పెట్టి చూశాడు. వేలికి తెల్లగా అంటింది.

“ఈ సున్నం ఎప్పుడు కొట్టారు?”

“నిన్ననే సార్” అంది అమ్మ. మెచ్చుకుంటాడనుకుంది.

ఆయన చువ్వతో గోడను రెండుసార్లు గీకాడు. సిమెంటు పెచ్చు ఊడి కింద పడింది. దాని వెనక పగులు కనిపించింది.

“అంటే పగుళ్లు దాచేశారన్నమాట.”

“దాచడమేంటి సార్? ఇంటికి మనిషి వస్తున్నాడంటే శుభ్రం చేసుకోమా?”

“శుభ్రం చేసుకోవడం వేరు, పూడ్చి పెట్టడం వేరు” అన్నాడు ఆయన, రాసుకుంటూనే.

కాంట్రాక్టరు పైకప్పు వంక చూస్తూ అన్నాడు. “నేను ముందే చెప్పా కదండీ. ఇలాంటి ఇంటి విలువ వీళ్లకేం తెలుస్తుంది.”

వెళ్లేముందు మేం సున్నం కొట్టిన ఆ గోడకే కాగితం అంటించారు. ఇల్లు ప్రమాదకరంగా ఉందట. ఎల్లుండి పొద్దున్నకి అందరూ ఖాళీ చెయ్యాలట.

ఈ ఇల్లు ఎలాంటిదో మీకు చెప్పాలి. నేను పల్లెటూరి బళ్లో పదో తరగతి పూర్తి చేసి, పోయినేడాది అమ్మ దగ్గరికి వచ్చాను. మొదటిసారి హాలులోకి అడుగు పెట్టినప్పుడు చెప్పులు విప్పేసి నిలబడిపోయాను. గోడలు మూరెడు మందం. మే నెలలో కూడా లోపల చల్లగా ఉంటుంది. పొద్దున్న కిటికీల రంగుటద్దాల్లోంచి ఎండ వచ్చి నేల మీద ఎరుపు, పచ్చ ముక్కలుగా పడుతుంది. అమ్మ మిషను తెల్లగుడ్డ మీద నడుస్తుంటే ఆ గుడ్డ రంగులు మారుతుంది. ఇంత అందమైన ఇంట్లో పేదవాళ్లు ఉండొచ్చని నాకు తెలియదు.

ఆదివారాలు కెమెరాలతో జనం వచ్చేవారు. స్తంభాలు ఫొటోలు తీసేటప్పుడు మా బట్టల తాడు అడ్డం తీయమనేవారు. ఆ ఫొటోల్లో ఇల్లుంటుంది, మేం ఉండం. వాన వస్తే ఏడు చోట్ల గిన్నెలు పెట్టేది మేము. ఐదు కుటుంబాలకూ ఒకటే మరుగుదొడ్డి. దూలాలకు చెద పడితే కిరసనాయిలు పూసేదీ మేమే. వీధి గోడకు ‘ప్రాచీన కట్టడం, మార్పులు చేయరాదు’ అని బోర్డు ఉంది. పైకప్పు బాగుచేసుకుంటాం అని మూడేళ్లలో నాలుగు అర్జీలు పెట్టారు. ఒక్కదానికీ జవాబు లేదు. బాగుచేసుకోనివ్వరు, బాగులేదని వెళ్లగొడతారు. కాంట్రాక్టరు ఇక్కడ హోటలు పెడతాడట. అప్పుడు మరమ్మతులకు అనుమతి వచ్చేస్తుందట.

తాపీ తాత ఊరుకోలేదు. ప్రతి పగులుకూ అడ్డంగా సన్నటి గాజు పట్టీ పెట్టి, రెండు చివరలూ సున్నంతో అతికించాడు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. పగల్లేదంటే ఆ పగులు పాతది, నిద్రపోతోందని లెక్క. మొత్తం పద్నాలుగు పగుళ్లకు పెట్టాడు. “నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయమ్మా” అని, సున్నం తడిగా ఉండగానే మేకుతో నా చేత తేదీలు రాయించాడు. అవెందుకో నా ఒక్కదానికే వివరంగా చెప్పాడు. మిగతావాళ్లకు అవి తాత పిచ్చి.

ఇంజనీరు వస్తున్నాడని తెలిసిన రోజు అమ్మ కొంగు బిగించింది. “గాజుపెంకులు అతికించిన గోడలు చూపిస్తే మనల్ని మనుషులనుకుంటారా?” అంది. ఇస్త్రీ మామ సిమెంటు పల్చగా కలిపాడు. ఆయా పిన్ని, అత్త పూశారు. నేను బకెట్టు మోశాను. ‘వద్దమ్మా, అవే మనకు సాక్ష్యం’ అనాలనుకున్నాను. పెద్దవాళ్లందరూ అంత హుషారుగా ఉంటే మళ్లీ బకెట్టే అందుకున్నాను. పట్టీలన్నీ నా కళ్ల ముందే తెల్లబడిపోయాయి.

కాగితం అంటించిన మర్నాడు తాత సంచి భుజాన వేసుకుని వచ్చాడు. హాలులో నిలబడి నాలుగు గోడలూ చూశాడు. ఎవర్నీ తిట్టలేదు. మెట్టు మీద కూర్చుండిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నం హాలులోనే మీటింగు. ముందుగా ఇస్త్రీ మామ లేచాడు.

“ఊరి చివర గదులిస్తానంటున్నాడు కాంట్రాక్టరు. తీసుకుందాం. పిల్లలున్నవాణ్ని.”

“మూడు బస్సులు మారి నీ దగ్గరికి ఇస్త్రీకి వస్తారా జనం? వచ్చేసరికి బట్టలు మళ్లీ నలుగుతాయి” అంది ఆయా పిన్ని.

“నవ్వులాటగా ఉందా నీకు? నా మీద కప్పు పడితే నువ్వు తీస్తావా?”

“ఆసుపత్రిలో ఎలాగూ నేనే కదా తియ్యాలి.”

ప్రెస్సు బాబాయి చెయ్యెత్తాడు. “ఒక్క మాట. నిన్న ఆఫీసులో తెలిసిన గుమాస్తాని అడిగాను. మనుషులున్న ఇంటికి సీలు వెయ్యలేరు. ఖాళీగా దొరికితే చాలు, తాళం పెట్టేస్తారు. అందుకే భయపెట్టి బయటికి రప్పించాలని చూస్తున్నారు.”

“ఉంటే మాత్రం? ప్రమాదకరం అని రాశాడుగా” అంది అమ్మ. “రాయించింది నేను. నా శుభ్రమే మన కొంప ముంచింది.”

అప్పుడు లేచాను. “గాజులు లోపలే ఉన్నాయి” అన్నాను.

“ఏంటే?” అంది అమ్మ.

“పైన పూశాం అంతే. లోపల గాజులు అలాగే ఉంటాయి.”

తాత తలెత్తాడు. “గీకితే బయటపడతాయి” అన్నాడు. “కానీ మనలో మనం గీకితే మళ్లీ కొత్తగా అతికించారంటారు. వాళ్ల కళ్లముందే గీకాలి. అందరి కళ్లముందూ గీకాలి.”

“లోపల విరిగి ఉంటే?” అన్నాడు మామ.

“కొత్తగా ఏదైనా విరిగి ఉంటే నేనే ముందు మూట కడతాను.”

సాయంత్రానికల్లా ప్రెస్సు బాబాయి అరచేతంత కరపత్రాలు తెచ్చాడు. అమ్మ తనకు గుడ్డలిచ్చే కుట్టుపని షెడ్డులో పంచింది. పిన్ని ఆసుపత్రిలో పంచింది. నేను కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాను. ఎవరి మొహంలోకీ చూడలేక, నడిచిపోయేవాళ్ల చేతుల్లో పెట్టేశాను.

గడువు రోజు పొద్దున్న వీధి నిండిపోయింది. షెడ్డు ఆడవాళ్లు, ప్రెస్సువాళ్లు, ఇరవైమంది దాకా విద్యార్థులు. ఇన్‌స్పెక్టరు, కానిస్టేబుళ్లతో పోలీసు వ్యాను వచ్చి ఆగింది. ఇంజనీరు, కాంట్రాక్టరు దిగారు. కాంట్రాక్టరు మనిషి చేతిలో తాళం, సీలు వేసే లక్క సామాను ఉన్నాయి.

తాత గుమ్మంలో నిలబడి పిలిచాడు. “రండి సార్. మేం దాచింది మేమే చూపిస్తాం.”

ఇంజనీరు కాదనలేకపోయాడు. అంతమంది చూస్తున్నారు. లోపలికి వచ్చాడు. హాలు కిటికీలన్నీ తెరిచాం. ఊచలకు మొహాలు ఆనించి జనం చూస్తున్నారు.

తాత మొదటి పగులు దగ్గర తాపీ ఆనించాడు. పసిపిల్ల తలదువ్వినట్టు గీకాడు. పొడి రాలింది. గాజు మెరిసింది. ఎక్కడా చిట్లలేదు. కింద నా అక్షరాలు.

“ఒకటి” అన్నారు కిటికీలోంచి ఎవరో.

అమ్మ రెండోది గీకింది, స్పూనుతో. ఇస్త్రీ మామ మూడోది. మామ మొహం చెమటతో తడిసిపోయింది. గాజు గట్టిగా ఉంది. మామ దాన్ని బొటనవేలితో తుడిచి, నాలుగోదాని దగ్గరికి వెళ్లాడు. బయట లెక్క పెడుతున్నారు. ఎనిమిది. తొమ్మిది. పదమూడు దాకా ఒక్కటీ పగల్లేదు.

పద్నాలుగోది తూర్పు గోడ మీద. తాత గీకాడు. గాజు మధ్యకి విరిగి ఉంది.

లెక్క ఆగిపోయింది.

“చూశారా” అన్నాడు కాంట్రాక్టరు. “గోడ కదిలింది. ముసలాయనే తవ్వి చూపించాడు.”

తాత నావైపు తిరిగాడు. “చదువమ్మా.”

ఆ పట్టీ పక్కన సిమెంటు మరికాస్త గీకాను. రెండో గాజు బయటపడింది. మొదటిది విరిగినప్పుడు దాని పక్కనే తాత పెట్టింది. అది ఎక్కడా చిట్లలేదు.

“విరిగినదాని మీద జనవరి పదకొండు. పక్కదాని మీద ఏప్రిల్ రెండు” అని చదివాను.

“గట్టిగా” అన్నారు కిటికీలోంచి.

“ఏప్రిల్ రెండు. అప్పట్నుంచి ఇది విరగలేదు. మొదటిది మార్చి నెలాఖరున విరిగింది. ఈ గోడ పక్కన గొయ్యి తవ్వినప్పుడు.”

“గొయ్యి ఎవరు తవ్వించారు?” అన్నాడు ప్రెస్సు బాబాయి నింపాదిగా.

కిటికీల్లోని మొహాలన్నీ కాంట్రాక్టరు వైపు తిరిగాయి. హోటలు నీళ్ల ట్యాంకు కోసం ఆ గొయ్యి తవ్వించి, మున్సిపాలిటీ అడిగితే వారంలో పూడ్పించింది ఆయనే. వీధంతా చూసింది.

ఇంజనీరు రెండో గాజు మీద వేలు పెట్టి నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. కాంట్రాక్టరు ఆయన్ని పక్కకి తీసుకెళ్లాడు. ఇద్దరూ ఇన్‌స్పెక్టరుతో మాట్లాడారు. తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి తాత భుజం మీద చెయ్యి వేశాడు.

“ప్రాచీన కట్టడాన్ని పాడు చేసినందుకు. నడు.”

“ఏం పాడు చేశాను బాబూ?”

“గోడ గీకావుగా. అందరం చూశాం.”

ఇస్త్రీ మామ, ఊరి చివరికి పోదామన్న ఆ మామే, రెండు చేతులూ చాచాడు. మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

“నేనూ గీకాను. మూడోది, నాలుగోది నావే. రాసుకోండి.”

“రెండోది నాది” అంది అమ్మ.

“నావి మూడున్నాయి” అంది ఆయా పిన్ని. “నాకు పెద్ద సెక్షను పెట్టాలి.”

అత్త పిల్లలిద్దర్నీ చంకనెత్తుకుంది. మేడ మీంచి మామ్మ కేకేసింది. “ఒరేయ్, నన్ను కూడా తీసుకుపోండి. నేను గీకలేదు గానీ గీకమన్నాను.” ప్రెస్సు బాబాయీ, ఇద్దరు విద్యార్థులూ ఆమెను కుర్చీతో సహా దించారు. వీధిలో జనం దారిచ్చారు. షెడ్డు ఆడవాళ్లు గోడకు చేతులు రుద్దుకుని, మా చేతులూ తెల్లవే అంటూ వ్యాను చుట్టూ మూగారు. కానిస్టేబుళ్లు ఎవరిని ఎక్కించాలో ఎవరిని దించాలో తెలియక ఇన్‌స్పెక్టరు వంక చూస్తున్నారు. కుర్చీలో ఉన్న మామ్మ ముందు ఎక్కింది.

నేనూ పరుగెత్తాను. నా చేతులూ తెల్లగానే ఉన్నాయి. గుమ్మం దాటబోతుంటే అమ్మ నా భుజం పట్టుకుని ఆపింది. ఆమె నన్ను చూడటం లేదు. నా వెనక ఇంటిని చూస్తోంది. హాలు, వసారా, మెట్లు, మేడ. ఎక్కడా మనిషి లేదు. గుమ్మం పక్కన కాంట్రాక్టరు మనిషి తాళం చేతిలో పట్టుకుని అప్పుడే ఒక మెట్టు ఎక్కాడు.

“నేనూ వస్తానమ్మా. తేదీలు రాసింది నేనే.”

“లోపలికి వెళ్లు.”

“ఒక్కదాన్నా?”

“మేం తిరిగొచ్చేదాకా ఈ ఇంట్లో మనిషి ఉండాలి” అంది అమ్మ. “అడ్డగడియ వేసుకో. ఇన్‌స్పెక్టరు పిలిచినా తియ్యకు. నన్ను తీసుకొచ్చి నిలబెట్టినా తియ్యకు.”

నన్ను లోపలికి ఒక్క తోపు తోసి, తెల్లటి చేతులతో రెండు రెక్కలూ లాగి, నా మొహం మీదే తలుపు వేసేసింది.