గురమ్మ చేతి మీద అప్పలసూరి తోలు

గురమ్మ చెయ్యి కాలింది 1946 జనవరిలో, ఒక బుధవారం పొద్దున. గంజి వార్చబోతుంటే చీర కొంగు పొయ్యిలో పడింది. పక్క గదిలో మృదంగానికి వార్లు బిగిస్తున్న అప్పలసూరి కేక విని పరుగెత్తుకొచ్చి కుండెడు నీళ్ళు కుమ్మరించాడు. అప్పటికే కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి పైదాకా కాలింది. కుడి తొడ మీద జానెడు మేర కాలింది.

విజయనగరంలో గంట స్తంభానికి వెనక సందులో వాళ్ళ ఇల్లు. ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరే. తోలు పని ఆయనది, కరణి పని ఆవిడది. మృదంగం కుడి మూత నడుమ నల్లగా కనిపించేదే కరణి. ఇనుప చిట్టెం నూరి, అన్నంతో కలిపి మెదిపి, పొర మీద పొర వేసి రాయితో రుద్దాలి. ఒక్క మూతకి రెండు పూటలు పడుతుంది. ఊళ్ళో సంగీతం నేర్చుకునేవాళ్ళు అది అప్పలసూరి మృదంగం అనేవారు. తోలు నాది, పలుకు మా గురమ్మది అని ఆయన సరిదిద్దేవాడు.

ఆరు వారాలు ఆసుపత్రిలో ఉన్నా పుండు మానలేదు. డాక్టరు జానకిరామయ్య యుద్ధంలో పనిచేసి అంతకు ముందు నెలలోనే తిరిగొచ్చిన మనిషి. బర్మా సరిహద్దులో కాలినవాళ్ళని వందల మందిని చూశాడు. అప్పలసూరిని వరండాలోకి పిలిచి విషయం చెప్పాడు.

"తోలు అడుగుదాకా కాలింది. కొత్త తోలు అంచుల నుంచే రావాలి. అది నడిమికి చేరేలోపు మోచెయ్యి ముడుచుకుపోతుంది. లేదంటే చీము రక్తంలో కలుస్తుంది. అప్పుడు చెయ్యి తీసెయ్యాల్సి వస్తుంది."

"మరేటి సెయ్యాల బాబూ?"

"ఆవిడ ఎడమ తొడ మీంచి తోలు పల్చగా తీసి పుండు మీద పరచాలి. కానీ ఒంట్లో రక్తం లేదు. ఇప్పుడు కత్తి పెడితే తట్టుకోలేదు."

కత్తి మాట గురమ్మ చెవిన పడింది. ఆవిడ లేచి కూర్చుంది.

"మా అక్క కడుపు ఇలాగే కోసినారు. మరి లెగనేదు. నా ఒంటి మీద కత్తి పెడితే నానిప్పుడే ఎలిపోతాను. చెయ్యి పోతే పోనీ."

అప్పలసూరి మంచం పక్కన కూర్చుని ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. "నీ ఒంటి మీద కత్తి పడదు. నాను మాటిస్తన్నాను. నా తోలు లేదేటి?"

వెనకే లోపలికి వచ్చిన డాక్టరు ఆ మాట విన్నాడు. పరాయి తోలు నిలవదని, రెండు వారాలో మూడు వారాలో ఉండి రాలిపోతుందని, ఈలోపు పుండుకి కప్పులా పనికొస్తుందని చెప్పాడు. అది ఉన్నన్నాళ్ళూ రసి కారడం ఆగుతుంది. ఆవిడకి బలం వస్తుంది. తర్వాత ఆవిడ తోలే ఆవిడకి వెయ్యాలి.

అప్పలసూరి తల ఊపాడు. మొదటి సగం విన్నాడు, రెండో సగం నమ్మలేదు. కుడి మూతకి ఆవు తోలు వేస్తాడు, దాని మీద మేక తోలు వేస్తాడు, రెంటినీ గేదె తోలు వారుతో పనస చెక్కకి బిగిస్తాడు. నాలుగూ నాలుగు జాతులు. పదేళ్ళయినా ఒకదాన్నొకటి వదలవు. అలాంటిది పాతికేళ్ళు ఒక కంచంలో తిన్న మనుషులకి తోలు అతుక్కోదంటే ఎలా?

ఫిబ్రవరి ఆఖరి వారంలో ఆయన ఎడమ తొడ మీంచి ఇరవై రెండు పీలికలు తీశారు. తిమ్మిరెక్కడానికి ఇంజక్షను ఇచ్చారు కాబట్టి ఆయన తల ఎత్తి చూస్తూనే ఉన్నాడు.

"ఆ మూల మందం వస్తన్నాది బాబూ. ఇంకాస్త పల్చగా రావాల."

"పడుకో అప్పలసూరీ."

"పడుకునే సెప్తన్నాను."

నాలుగో రోజు కట్టు విప్పితే పీలికలు అతుక్కుని ఉన్నాయి. గులాబి రంగు తేలాయి. అప్పలసూరి ఆ పూట కుంటుకుంటూ ఆడవాళ్ళ వార్డులో మంచం మంచానికీ వెళ్ళి చెప్పాడు. పామర్తి వీధి నుంచి వచ్చిన ముసలమ్మకి రెండుసార్లు చెప్పాడు. ఆవిడకి చెవుడు.

"రెండు వారాలంట. ఈ డాక్టరు బాబుకి మందుల సంగతి తెలుసు గాని తోలు సంగతి నాకు తెలుసు. అది పట్టీసింది."

గురమ్మ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మావా, నీ తొడ మీదున్నట్టు నా చేతి మీద ఎంట్రుకలు మొలిస్తే గాజులెలాగేసుకోను?"

"మొలిస్తే నానే గొరుగుతాను. రోజూ సేసే పనే గదా."

"నాను మేకనేటి?"

"మేకైతే ఇన్ని మాటలాడదు."

నర్సు కాంతం నవ్వుతూ మందు సీసా తెచ్చింది. రక్తం పట్టడానికి ఇనుము కలిపిన మందు అని చెప్పింది. గురమ్మ ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. "ఇన్నేళ్ళూ సిట్టెం నూరినాను. ఇప్పుడు తాగతన్నాను."

వారం గడిచింది. గురమ్మ రెండు పూటలా అన్నం తింది. కాలేజీలో చదివే కుర్రాళ్ళు ఇద్దరు మృదంగాల కోసం వస్తే, ఉగాది దాటాక రమ్మని అప్పలసూరి ధైర్యంగా చెప్పి పంపాడు.

పదకొండో రోజు ఆయన వెళ్ళేసరికి గురమ్మ చెయ్యి మీద దుప్పటి కప్పుకుని ఉంది. గాలి తగలకూడదన్నారని చెప్పింది. పన్నెండో రోజూ అదే మాట. పదమూడో రోజు కట్టు మార్చే వేళకి ఆయన్ని బజారుకి పంపించింది, కమలాపండ్లు తెమ్మని. కమలాపండ్లంటే ఆవిడకి ఇష్టం లేదు. ఆయన మెట్లు దిగి, ఆ సంగతి గుర్తొచ్చి, వెనక్కి వచ్చాడు. కాంతం గది బయట కట్టు గుడ్డలు పట్టుకుని ఎదురైంది. గుడ్డల్లో నల్లబడిన పీలికలున్నాయి.

కాంతం వాటిని దాచబోయి ఆగింది. "నీకు చెప్పొద్దంది బాబాయ్. మూడు రోజులైంది నల్లబడ్డం మొదలై. మా మావ ఊరంతా చెప్పుకు తిరగతన్నాడు, ఇంకో నాలుగు రోజులు తిరగనీ అంది."

అప్పలసూరి ఆ గుడ్డలో నుంచి ఒక పీలిక తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. తోలు పాడైతే ఎక్కడ పాడైందో ఆయన వేళ్ళకి తెలుస్తుంది. ఉప్పు చాలకపోతే ఒకలా ఉంటుంది, ఎండ ఎక్కువైతే ఒకలా ఉంటుంది. ఇది రెండూ కాదు.

డాక్టరు గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"నా తోలులోనే ఏదో లోపం ఉన్నాది బాబూ. కోతకి రెండు రోజుల ముందు కల్లు తాగినాను. మీకు సెప్పనేదు. రెండో తొడ మీంచి తీసీండి. ఈపాలి నెల రోజులు ముట్టుకోను."

జానకిరామయ్య కలం పక్కన పెట్టాడు. "కల్లుకీ దీనికీ సంబంధం లేదు. కూర్చో."

ఆయన అగ్గిపుల్లతో అప్పలసూరి బుగ్గ లోపల గీకి, ఆ తడిని గాజు పలక మీద రాసి, నీలం రంగు చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. అప్పలసూరి ఒక కన్ను మూసుకుని చూశాడు. పెంకుల్లాంటివి కనిపించాయి. ఒక్కో పెంకు నడుమ ఒక్కో చుక్క ఉంది.

"అవి కణాలు. నీ ఒళ్ళంతా వాటితోనే కట్టి ఉంది. ఒక్కోటీ తింటుంది, ఊపిరి తీసుకుంటుంది, రెండుగా చీలి ఇంకోదాన్ని పుట్టిస్తుంది."

తర్వాత ఉల్లిపాయ పొర పెట్టాడు. అందులో గోడలు కట్టిన గదులు వరసగా ఉన్నాయి. గదికో చుక్క.

"ఉల్లిపాయకీ ఇయ్యేనేటి?"

"ఉల్లిపాయకీ ఇవే, కప్పకీ ఇవే, నీ మేకకీ ఇవే."

"మరి అన్నీ ఒకటే అయినప్పుడు నాది దానికెందుకు పట్టలేదు?"

"నువ్వు బిగించే తోలు చచ్చిపోయిన తోలు అప్పలసూరీ. అందులో కణాలు ఎప్పుడో చచ్చిపోయాయి. చచ్చినదాన్ని దేని మీద పెట్టినా ఉంటుంది. ఇది బతికున్న తోలు. బతికున్న ఒంటి మీద పెట్టాం. ఆ ఒంట్లో రక్తం దీనికి తిండి పెట్టాలి. మొదట్లో పెట్టింది. తర్వాత ఇది తనది కాదని కనుక్కుంది."

మూడో పలక మీద గురమ్మ పుండు రసి చుక్క ఉంది. అందులో గుండ్రటివి గుంపులుగా చేరి కనిపించాయి. రక్తంలోని తెల్ల కణాలని, పరాయిది ఏది లోపలికొచ్చినా పసిగట్టి చుట్టుముడతాయని డాక్టరు చెప్పాడు.

అప్పలసూరి చాలాసేపు చూశాడు. "నాను దాని మొగుణ్ణని ఈళ్ళకెవులూ సెప్పనేదేటి బాబూ?"

"వాటికి మొగుడూ తెలీదు, కన్నతల్లీ తెలీదు. ఒకే పోలికతో పుట్టిన కవలలైతే ఊరుకుంటాయి. ఇంకెవర్నీ ఒప్పుకోవు."

"ఎలాగ తెలుస్తాది వాటికి?"

"అది నాకూ తెలీదు. ఇంగ్లండులో కుందేళ్ళ మీద చూస్తున్నారట."

అప్పలసూరి పలక మీంచి కన్ను తీశాడు. డాక్టరు అసలు సంగతికి వచ్చాడు. ఈ పదమూడు రోజుల్లో గురమ్మకి రక్తం పట్టింది, పుండు శుభ్రంగా ఉంది. శుక్రవారం ఆవిడ తోలే తీసి వేస్తే చెయ్యి దక్కుతుంది. ఇంకో నెల ఆగితే పుండు మళ్ళీ మొదటికొస్తుంది. ఆవిడని ఒప్పించాలి.

వార్డుకి వెళ్ళే దారి నలభై అడుగులు. అప్పలసూరి దాన్ని రెండుసార్లు నడిచాడు. మాటిచ్చినవాడు వెళ్ళి ఏమని చెప్పాలి? మూడోసారి లోపలికి వెళ్ళి మంచం దగ్గర నిలబడ్డాడు.

"కమలాపండ్లేవి?" అంది గురమ్మ.

"నీకు పడవు గదా."

ఆవిడ ఆయన ముఖం చూసి దుప్పటి తీసేసింది. చెయ్యి మీద పీలికలు చాలావరకు పోయాయి. మిగిలినవి అంచుల్లో లేచి ఉన్నాయి.

"సూసీసినావా?"

"సూసినాను."

"మావా, నీ తోలు మంచిదే. పన్నెండు రోజులు నన్ను సలపనివ్వనేదు. ఇన్ని వారాల్లో నిద్రపోయింది ఆ రోజులే."

"పాతికేళ్ళు కాపరం సేసినాను. నీ ఒంటికి నాను పరాయోణ్ణంట."

"ఒంటికి కావొచ్చు. ఒంటి మాట ఎవులినమన్నారు?"

అప్పలసూరి ముక్కు చీది తుడుచుకున్నాడు. శుక్రవారం అని మొదలుపెట్టాడు. మిగతాది గురమ్మే చెప్పింది.

"కాంతం నాకు మొన్ననే సెప్పింది శుక్రవారం సంగతి. నీ తొడ మీద కోత సూసినాను గదా నాను. నువ్వు సచ్చిపోనేదు, పైగా అక్కడ కూడా డాక్టరుకి పని నేర్పినావంట. నాకేటవుతాది? ఎల్లి ఏలిముద్ర ఏసీ."

"నీకు మాటిచ్చినాను."

"నానొదిలీసినాను ఆ మాట. ఎల్లు."

ఆయన వెళ్ళి కోతకి ఒప్పుకుంటూ ముద్ర వేశాడు. కాగితం మీద వేలు పెట్టి తీసిన తర్వాత కూడా అక్కడే నిలబడ్డాడు.

"బాబూ, ఆ కత్తొకసారి సూపిస్తారేటి?"

జానకిరామయ్య చూపించాడు. మంగలి కత్తి లాంటిదే, దానికంటే జానెడు పొడుగు. అప్పలసూరి బొటనవేలి గోరు మీద దాన్ని ఆనించి లాగి, మొన దగ్గర నొక్కు చూపించాడు. తన పీలికలు ఆ మూల మందంగా ఎందుకొచ్చాయో అర్థమైంది. డాక్టరు కళ్ళద్దాలు పైకి తోసుకుని నొక్కు చూశాడు.

"ఇంటికి పట్టుకెల్లి రేపు తెస్తాను," అన్నాడు అప్పలసూరి. "దాని ఒంటి మీద కత్తి పెట్టక తప్పదంటే పదునైనా నానే పెట్టాల."

డాక్టరు కత్తిని గుడ్డలో చుట్టి ఇచ్చాడు. మళ్ళీ నీళ్ళలో మరిగించి, స్పిరిటులో ముంచాకే వాడతామన్నాడు.

గురువారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అప్పలసూరి ఇంటి అరుగు మీద కూర్చుని ఆ కత్తి నూరాడు. మొదట గరుకు రాయి మీద, తర్వాత నున్నటి రాయి మీద, ఆఖరున నూనె రాసిన గేదె తోలు మీద. ఎవరు పలకరించినా తల ఎత్తలేదు. ముంజేతి వెంట్రుకల మీద ఆనించి చూశాడు. లాగకుండానే తెగాయి. అయినా ఇంకో గంట నూరాడు.

శుక్రవారం పీలికలు వరసగా ఒకే మందంలో వచ్చాయని కాంతం బయటకొచ్చి చెప్పింది. గురమ్మ లేచి కూర్చుని గంజి తాగింది.

నాలుగో రోజు కొత్త తోలు గులాబి రంగు తేలింది. అప్పలసూరి వార్డులో ఎవరికీ చెప్పలేదు. పదకొండో రోజు వచ్చాడు, పన్నెండో రోజు వచ్చాడు, పదమూడో రోజు కట్టు మార్చేటప్పుడు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. గురమ్మ పిలిస్తే ఇటు తిరిగాడు. నలుపు లేదు. డాక్టరు మోచెయ్యి వంచమంటే వంచింది, చాపమంటే పూర్తిగా కాకపోయినా చాపింది. చెయ్యి దక్కిందని, రోజూ వంచుతూ చాపుతూ ఉండమని చెప్పి ఆయన పక్క మంచానికి వెళ్ళాడు.

అప్పలసూరి ఆ చేతిని ముట్టుకోకుండా దగ్గరగా వంగి చూశాడు. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చూశాడు.

"ఏటలా సూస్తావు, బేరానికొచ్చినట్టు?" అంది గురమ్మ.

"ఎక్కడా ముడత లేదే."

"ముడత లేదు గాని అంచమ్మట ఒకటే దురద. కాంతాన్నడిగితే గోకద్దంటాది."

"గోకద్దు."

"చుట్టూ ఉన్న పాత తోలు మీద గోకు. అది నాదే, ఇది నాదే, ఏదీ ఏటనుకోదు."

అప్పలసూరి చేతులు కడుక్కొచ్చి, మంచం మీద కూర్చుని, చూపుడువేలితో అంచు పక్కన మెల్లగా రుద్దసాగాడు. ఇంకా పైకి అంది ఆవిడ. ఆయన ఇంకా పైకి రుద్దాడు.