ఏడో నిబంధన

అక్క కాళ్ళకు తన చెప్పులు పట్టడం మానేశాయి. డాక్టరు దగ్గరికి తమ్ముడి చెప్పులు వేసుకుని వచ్చింది.

తమ్ముడు ఆరోగ్యశాఖలో అధికారి. మందుల కంపెనీలు డాక్టర్లకు కానుకలు ఇవ్వకూడదన్న నిబంధనలు రాసింది అతనే. ఆఫీసులో అతన్ని రూళ్ళకర్ర అంటారు.

డాక్టరు గదిలో కంపెనీ క్యాలెండరు లేదు. పెన్ను మీద పేరు లేదు. గోడకు ఒకటే ఫ్రేము, అందులో ఆ నిబంధనలే. అది చూసి తమ్ముడికి కడుపు నిండింది.

"షుగరు మాత్ర మార్చినప్పటి నుంచీ ఈ వాపు సార్. పాతది బాగానే పనిచేసేది కదా?" అన్నాడు తమ్ముడు.

"అక్కగారు మా అధ్యయనంలో ఉన్నారు. మధ్యలో మార్చలేం. సంతకం కూడా పెట్టారు," అన్నాడు డాక్టరు.

"అది టోకెను కోసం అనుకున్నాను నాయనా," అంది అక్క.

పక్క బల్ల దగ్గర కంపెనీ రెప్రజెంటేటివ్ రోగుల కాగితాలు నింపుతున్నాడు. 'వాపు' అన్న చోట 'లేదు' అని రాశాడు. అక్క కాళ్ళవైపు చూడలేదు. తమ్ముణ్ణి చూసి లేచి నిలబడ్డాడు.

"మీరా సార్! మీ నిబంధనలు మాకు కంఠతా వచ్చు. కానుకలు బంద్. అధ్యయనంలో చేర్చుకున్న ఒక్కో రోగికి ఇంతని డాక్టరుగారికి పారితోషికం, అంతే. ఏడో నిబంధన ప్రకారమే."

ఏడోది పరిశోధనకు మినహాయింపు. డాక్టర్ల సంఘం వచ్చి బతిమాలితే అతనే చేర్చాడు. ఏది పరిశోధనో డాక్టర్లకు వేరే చెప్పాలా అని వదిలేశాడు.

ఆఫీసుకు వెళ్ళి, ఏడోది సవరించాలని ఫైలు పెట్టాడు. పై అధికారి చదివి నవ్వాడు.

"కంచె నువ్వే వేశావు, దడి తలుపూ నువ్వే పెట్టావు. ఇప్పుడు మేకలొచ్చాయని ఏడిస్తే ఎలాగయ్యా?"

ఫైలు నిపుణుల కమిటీకి వెళ్ళింది. కమిటీ అధ్యక్షుడు ఆ డాక్టరే. సవరణ అక్కర్లేదని రాసి పంపాడు.

మర్నాడు పొద్దున అక్క మాత్ర చేతిలోకి తీసుకుంది.

"అది మానెయ్ అక్కా. వేరే డాక్టరుకి చూపిద్దాం, నా మాట విను."

"నువ్వు రాసిన కాగితాన్ని అద్దం కట్టించి పెట్టుకున్న మనిషిరా ఆయన. అలాంటివాడు తప్పు మందు ఇస్తాడా? నీ చదువు నీ ఆఫీసులో చూపించు."

మాత్ర వేసుకుని నీళ్ళు తాగింది. కుర్చీ కింద కాలితో వెతికి చెప్పులు దగ్గరికి లాక్కుంది. తమ్ముడి చెప్పులే. అవీ పట్టలేదు.