మేనకోడలు ఊడ్చేసిన పాము ఆట

పనికిరానిదేదైనా కంటపడితే ఊడ్చిపారేసే దాకా ఆమెకు నిద్రపట్టదు. అందుకే మేనమామ ఆమెను "చీపురు" అని ఆటపట్టిస్తాడు. ఆమె పనిచేసే చిన్న ఆఫీసులో నలుగురైదుగురు కలిసి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తారు. కొత్త వెర్షన్ బాధ్యత ఈసారి ఆమె నెత్తిన పడింది. అక్కర్లేనివి ఏరుతూ ఏరుతూ పాతకాలపు ఆటల దగ్గర ఆగింది. బొమ్మల్లేవు, రంగుల్లేవు. పేర్లు టైపు చేసి ప్రోగ్రాములు నడిపే నల్లటి టెర్మినల్ తెర మీద అక్షరాలతోనే ఆడే పాము, ఒక్కో అక్షరం ఊహిస్తూ దాచిన మాట కనిపెట్టే ఉరికంబం, ఇంకా అలాంటివే కొన్ని. వాటి మంచిచెడ్డలు చూసే దిక్కే లేదు.

"ఇది పని చేసుకునే సిస్టమ్. కావలసినవాళ్లు ఆటలు విడిగా తెచ్చుకుంటారు" అంది. ఎవరూ కాదనలేదు. ఆటలన్నీ ఒక్క వేటుతో పోయాయి.

పరీక్షకని ఆ వెర్షన్‌ను ముందుగా మేనమామ ఇంట్లోని పాత కంప్యూటర్‌లో ఎక్కించింది. మర్నాడు పొద్దున్నే అత్తయ్య ఫోను.

"నా పాము ఏదే?"

"ఏ పాము అత్తా?"

"నల్ల తెర మీద చుక్కలు తింటూ తిరుగుతుందే, అది. పేరు కొడితే అలాంటిదేమీ లేదంటోంది."

మణికట్టు విరిగి, కట్టు విప్పాక అత్తయ్య వేళ్లు బిగుసుకుపోయాయని మేనకోడలికి తెలుసు. రబ్బరు బంతి పిసకమని డాక్టరు చెబితే విసుగొచ్చి మూలన పడేసిందనీ తెలుసు. ఆ వేళ్లు పాము వెంట పడుతున్నాయని మాత్రం తెలియదు.

సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికే వెళ్లింది. మామయ్య తలుపు తీసి, "రా తల్లీ, లోపల నీ మీద పంచాయితీ నడుస్తోంది" అన్నాడు.

"నిమిషంలో పెట్టేస్తాలే అత్తా. అసలు అదుందని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారు? ఊసుపోక కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రాముల పేర్లన్నీ ఒక్కొక్కటే కొడుతూ పోయా. ఒకటి పామై కూర్చుంది. ఇప్పుడు నేనడిగా కాబట్టి తెచ్చిపెడతావు. ఉందని తెలియనివాళ్లు ఏమని అడుగుతారే?"

మేనకోడలు కుర్చీ లాక్కుని పామును తిరిగి ఎక్కించింది.

తర్వాతి మీటింగులో ఆటలు తిరిగి పెడదామని ఆమే అంది. పెద్ద ప్రోగ్రామరు కళ్లజోడు పైకి తోసుకుని, "తీసెయ్యమన్నదీ నువ్వే, పెట్టమన్నదీ నువ్వే. రేపు పాడైతే ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు. అదీ న్యాయమే.

"నడవనివి వద్దు సార్. నడిచేవాటిని నేను చూసుకుంటా. ఉరికంబం ఒక్కటీ మీరు చూసుకోండి."

ఆయన కాసేపు గొణిగి, "సరే, స్పెల్లింగులు నాకు నేర్పింది అదేలే" అని ఒప్పుకున్నాడు.

ఆదివారం అత్తయ్య పక్కన స్టూలు వేసుకుని పాము ప్రోగ్రాం విప్పింది. గోడ పక్కన మలుపు తిప్పితే ఒక్కోసారి ఊరికే చచ్చిపోతోందని అత్తయ్య ఫిర్యాదు. నిజమే, ఎక్కడో చిన్న లెక్క తప్పింది. సరిచేసి ఇచ్చింది. అత్తయ్య ఆడుతుంటే మేనకోడలు తెర వంక చూడలేదు, ఆ చేతినే చూస్తూ కూర్చుంది. చిటికెన వేలు ఇంకా కాస్త మొరాయిస్తోంది. మిగతావి హుషారుగా దూకుతున్నాయి.

"లే అత్తా, ఒక్కసారి నన్ను ఆడనీ."

"ఉండవే, ఇంకా చావలేదు" అంది అత్తయ్య, చూపు తిప్పకుండా.