రాజుగారికి సాటి బరువు

భీమవరానికి పడమరగా, కాలవ పక్కనున్న ఊళ్ళో సగం పల్లం వేణుగోపాలరాజుగారిదే. ఆనకట్ట కట్టి కాలవలు తవ్వాక ఆ పల్లం విరగపండేది. ఒక శీతాకాలం ఉదయం ఆయన అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటుండగా భూమి కదిలింది. చెంబులో నీళ్ళు తొణికాయి, చూరు మీది కాకులు లేచిపోయాయి. అంతే. మధ్యాహ్నానికి ఊరు ఆ సంగతి మరిచిపోయింది. రాజుగారు మరవలేదు.

“తాతల నాటినుంచీ దీన్నే నమ్ముకున్నాం. ఏటా శిస్తు కడుతున్నాం. చెప్పాపెట్టకుండా కదులుతుందా?” అన్నారు భార్య సూర్యకాంతమ్మతో.

“కదిలింది, ఆగింది. లేచి చద్దన్నం తినండి,” అందావిడ.

ఆయన లేవలేదు. కాళ్ళు నేలకి ఆనకుండా మఠం వేసుకుని, మిషను బడిలో పాఠాలు చెప్పే ఏసుపాదానికి కబురు పంపారు. ఏసుపాదం వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

“భూమి లోపల రాతిపొరలు ఉంటాయండి. ఒకదాన్నొకటి ఒత్తుకుంటా ఉంటాయి. ఎక్కడో పట్టు తప్పి జారితే ఆ అదురు ఇక్కడిదాకా వస్తుందండి.”

“మళ్ళీ వస్తుందా?”

“రావచ్చండి.”

“ఎప్పుడు?”

“అది చెప్పగలిగినవాళ్ళు లేరండి.”

రాజుగారి ముఖం పాలిపోయింది. ఏసుపాదం జాలిపడి, ఒక వక్కకి దారం కట్టి పుల్లకి వేలాడదీసి, పుల్లని గబగబా అటూ ఇటూ ఆడించాడు. పుల్ల ఊగింది గాని వక్క దాదాపు ఉన్నచోటే ఉంది. “వేలాడేదానికి అదురు అంతగా తెలీదండి,” అన్నాడు, ధైర్యం చెబుదామని.

వారం తిరక్కుండా ధవళేశ్వరం నుంచి ఇనప కప్పీ వచ్చింది. సావిడి దూలానికి దాన్ని బిగించి మోకు వేశారు. మోకుకి ఒక కొసన రాజుగారి పీట.

“రెండో కొస స్తంభానికి కట్టేస్తే పోలేదా?” అంది సూర్యకాంతమ్మ.

“స్తంభం నేల మీద ఉంది. అదురు మోకు పట్టుకుని నా దగ్గరికి ఎక్కి వస్తుంది.”

దూలం గోడ మీదా, గోడ నేల మీదా ఉన్నాయని ఏసుపాదానికి తోచింది. అయితే తనని అడిగింది కప్పీ గురించే. రెండు పక్కలా బరువు సమానమైతే ఎటూ జారదని చెప్పి ఊరుకున్నాడు.

ముందు ధాన్యం బస్తాలు కట్టారు. ఎలకలు బస్తాకి కన్నం పెట్టాయి. గింజలు కారినకొద్దీ రాజుగారు మెల్లగా కిందికి దిగి, భోంచేస్తుండగా విస్తరితో సహా నేల మీదికి చేరారు. దాంతో మనిషైతే మేలన్నారు. పాలేరు బుల్లియ్యని రెండో పీట మీద కూర్చోబెట్టారు. వాడు బక్కపలచటివాడు. తేడా సరిపోవడానికి వాడి ఒళ్ళో తిరగలిరాయి పెట్టారు.

ఆయన ఏం తింటే బుల్లియ్యకీ అదే పెట్టాల్సి వచ్చింది. నెయ్యి, గడ్డ పెరుగు, పూతరేకులు. కొన్నాళ్ళకి వాడు బాగా ఒళ్ళు చేశాడు, తిరగలిరాయి వంటింటికి తిరిగి వెళ్ళిపోయింది. రాజుగారి ఎదుట, ఆయనంత ఎత్తున కూర్చున్నవాడు ఊళ్ళో బుల్లియ్య ఒక్కడే. రైతులు తగువులు తెచ్చి ఇద్దరి మధ్యా నిలబడి చెప్పుకునేవారు. కొందరు పొరపాటున బుల్లియ్యకీ దణ్ణం పెట్టేవారు. వాడు సిగ్గుపడి కదిలితే రాజుగారు ఊగేవారు.

“కుదురుగా కూర్చోరా.”

“ఆయ్, సిత్తం.”

మాఘమాసంలో ఒక పొద్దున మళ్ళీ వచ్చింది. అటక మీద బిందెలు గణగణమన్నాయి, పెంకులు జారాయి, బల్లి ఒకటి దూలం మీంచి ఊడిపడింది. సూర్యకాంతమ్మ వాకిట్లోకి పరిగెత్తింది. రాజుగారి పీట మాత్రం నిలకడగా ఉంది. చుట్టూ గోడలు అదురుతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది.

“చూశావట్రా, మనం కదల్లేదు.”

“బాబయ్యా, మా ఇంటిది పెద్దింట్లమ్మకి నెలలు నిండాయండి. ఇంటికాడ ఒక్కతే ఉందండి.”

“కూర్చో. నువ్వు లేస్తే నేనేమవుతాను?”

“కూకోలేనండి,” అని బుల్లియ్య దూకేశాడు.

ఖాళీ పీట ఎగిరి దూలానికి కొట్టుకుంది. రాజుగారు నిలువునా వచ్చి నేల మీద కూలబడ్డారు. భూమి ఇంకా కదులుతూనే ఉంది. ఈగ వాలితే ఆవు చర్మం విదిలించుకున్నట్టు ఆయన కింద ఒకటి రెండుసార్లు అదిరి, ఊరుకుంది.

“ఇంతేనా?” అన్నారాయన. జవాబు చెప్పడానికి సావిట్లో ఎవరూ లేరు.

నడుము బెణికింది. వైద్యుడు పట్టు వేసి, పరుపు పనికిరాదు, గట్టి నేల మీద బోర్లా పడుకోవాలన్నాడు. అలా చెవి నేలకి ఆనించి పడుకున్నాక ఆయనకి రకరకాల చప్పుళ్ళు వినిపించసాగాయి. ఎక్కడో రోకటి పోటు, గట్టు మీద బండి, పెరట్లో దూడ గెంతులు. మొదట ప్రతిదానికీ ఉలిక్కిపడ్డారు. తరవాత ఏది ఏదో పోల్చుకోవడంలో పడి, భయపడాలన్న సంగతే మరిచిపోయారు.

“ఎవరో వస్తున్నారు. భారీ మనిషి,” అన్నారొక సాయంత్రం.

వచ్చింది బుల్లియ్య. ఆడపిల్ల పుట్టిందని చెప్పాడు.

“ఆ వేళ మీ ఆవిడ బాగా హడలిపోయిందా?”

“లేదండి. వడ్లు దంచుతా ఉందంటండి. తన రోకలికే ఇల్లదిరిందనుకుందండి.”

రాజుగారు నవ్వబోయి, నడుము కలుక్కుమని ఆగిపోయారు. ఇన్నాళ్ళ అలవాటుకొద్దీ బుల్లియ్య చెప్పకుండానే ఎదురుగా చతికిలబడ్డాడు. సూర్యకాంతమ్మ వచ్చి వాడివంక చూసింది, ఆయనవంక చూసింది. లోపలికెళ్ళి రెండు గ్లాసులతో మజ్జిగ తెచ్చింది.