గేటు బయట మేనకోడలి ఫోను

హలో, అందరికీ వినబడుతోందా? బాగున్నారా, భోజనాలయ్యాయా? నేను ఫోన్లో మాట్లాడినట్టే రాస్తాను, ఇంకోలా రాయడం నాకు రాదు. చదువు హైస్కూలు దాటలేదు, తప్పులుంటే మీరే సర్దుకోండి. ఉన్నది ఉన్నట్టు చెప్తా, కాసేపు కూర్చుని వినండి చాలు.

నేను వ్యాను నడుపుతాను. మా వైపు నుంచి ఊరవతల బట్టల ఫ్యాక్టరీకి రోజూ జనాన్ని దింపి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకి చేరుస్తా. పోవడానికే గంటన్నర పడుతుంది. మధ్యలో పగలంతా వ్యాను గేటు బయట, నేను వ్యాన్లో.

మా అక్క కూతురు, అంటే నా మేనకోడలు, ఇంట్లోనే మిషను పెట్టుకుని కుడుతుంది. మామూలు కుట్టు కాదండోయ్. స్కూలు యూనిఫాం కొత్త మోడల్ వచ్చిందనుకోండి, ముందు ఒక చొక్కా కుట్టి చూపించాలి. దాన్ని చూసి మిగతావాళ్ళు వేలకి వేలు కుడతారు. ఆ మొదటి చొక్కా మా పిల్లది. కాలర్ తిప్పిందంటే రెండు కొనలూ కవల పిల్లల్లా ఉంటాయి. ఆ పనితనం చూసే ఫ్యాక్టరీవాళ్ళు కబురు పెట్టారు, కుట్టుమిషన్ల లైనుకి సూపర్వైజరుగా వచ్చెయ్యమ్మా అని. జీతం ఇప్పుడొచ్చేదానికి రెట్టింపు పైమాటే.

ఎవరైనా అయితే ఎగిరి గంతేస్తారు. ఇది వెయ్యలేదు.

కారణం బుడంకాయ. దాని కూతురు, ఒకటో తరగతి. పిల్ల బంగారం, కానీ ఛాతీలో పిల్లికూతలు. చలిగాలి తగిలినా, దుమ్ము లేచినా ఊపిరి పట్టేస్తుంది. అది అందరికంటే ముందు వాళ్ళమ్మకే తెలుస్తుంది. మిషను కుడుతూ కుడుతూ ఠక్కున ఆపేస్తుంది. మనకేమీ వినబడదు. అది లేచి మందు పీల్చే పంపు తెచ్చేసరికి, అప్పుడు చూస్తాం మనం, పిల్ల భుజాలు పైకీ కిందకీ ఆడుతుంటాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వాళ్ళుండేది కింది వాటా. పడకగది గోడంతా చెమ్మ. ఎన్నిసార్లు రంగు వేసినా కొన్నాళ్ళకే నల్లగా బూజు కట్టేస్తుంది. "ముందు ఆ గదిలోంచి పిల్లని తియ్యండమ్మా, నేనెన్ని మందులు రాస్తే మాత్రం ఏం లాభం" అని డాక్టరమ్మ ఎప్పట్నుంచో మొత్తుకుంటోంది. ఎండా గాలీ వచ్చే ఇల్లంటే అద్దె వీళ్ళకి అందదు. కొత్త జీతం వస్తే అందుతుంది.

అదీ పేచీ. ఉద్యోగానికి పోతే పిల్లకి మంచి గాలి ఉంటుంది, పక్కన తల్లి ఉండదు. పోకపోతే తల్లి ఉంటుంది, గాలి ఉండదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఓ ఆదివారం అందరం వాళ్ళింట్లో కూర్చున్నాం. మా అక్క మొదలుపెట్టింది.

"ఫ్యాక్టరీలకి పోవడానికి పిల్లాజెల్లా లేనివాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నీకెందుకే ఆ తిరుగుడు?"

"అయితే నువ్వొచ్చి చూస్తావా అమ్మా దాన్ని?"

"నా మోకాళ్ళు నన్నే మొయ్యట్లేదు. దాన్నెక్కడ మోస్తాను."

"నోరు మాత్రం మనందర్నీ మోస్తుంది" అన్నాను నేను.

"నువ్వు నీ స్టీరింగ్ చూసుకోరా" అంది అక్క.

మా పిల్ల మొగుడు, అదే మా అల్లుడు, బైకు మెకానిక్. వీధి చివర షాపు. మాటకారి కాదు. గుమ్మం దగ్గర కూర్చున్నవాడు మెల్లగా "నేను చూసుకుంటాలే" అన్నాడు.

మా పిల్ల నవ్వేసింది. "నువ్వా? ఒక్కసారన్నా ఆ పంపు పట్టుకున్నావా?"

"ఇంజనంతా విప్పి బిగిస్తాను. ఆ పంపెంత?"

"బండి దగ్గితే పక్కన పెట్టి టీ తాగొస్తావు. ఇది బండి కాదు."

అతను చేతులు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు, ఎంత తోమినా పోదు. ఆ చేతుల్తో పిల్ల మూతి దగ్గరికి పోవడానికే వాడికి భయమని నాకప్పుడు అర్థమైంది.

ఫ్యాక్టరీవాళ్ళు ఒక మాటన్నారు. ఒక వారం వచ్చి పని చెయ్యి, నువ్వు మమ్మల్ని చూడు, మేం నిన్ను చూస్తాం, తర్వాత మాట్లాడుకుందాం అని. సరేనంది. వెళ్ళే ముందు రోజు సాయంత్రమంతా మొగుడికి నేర్పింది. పంపు ఊపాలి, గొట్టానికి తగిలించాలి, మూతికి ఆనించాలి, పిల్లని వంగనివ్వకూడదు, అయినా తగ్గకపోతే క్షణం ఆగకుండా ఆసుపత్రి. పేషెంటుగా కూర్చుంది బుడంకాయే.

"నాన్నా, ఊపడం మర్చిపోయావు. సున్నా మార్కులు."

"మళ్ళీ రాస్తానమ్మా పరీక్ష."

"ముందు చేతులు కడుక్కో."

షాపులో ఒక సబ్బు, వీధి కొళాయి దగ్గర ఒక సబ్బు, ఇంట్లో ఒక సబ్బు పెట్టుకున్నాడు మనిషి. మధ్యాహ్నం స్కూలు వదిలే వేళకి షాపు మూసి ఇంటికొచ్చేయాలి. విప్పిన బండి విప్పినట్టే ఉండనీ అని.

మొదటి రోజు గేటు దగ్గర కొత్త చిక్కు వచ్చింది. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. ఎవరో ఫోను చూస్తూ వేలు మీద కుట్టేసుకున్నారట, అప్పట్నుంచీ రూలు. గార్డు ట్రే చాపాడు. మా పిల్ల ముఖం తెల్లబోయింది. ఫోను ట్రేలో పెట్టబోయి, వెనక్కి తిరిగి నా చేతిలో పెట్టింది.

"మావయ్యా, ఇది నీ దగ్గరే ఉంచుకో. మోగితే మాత్రం..."

"మోగితే గేటు విరగ్గొట్టుకుని వస్తాను, పోవే."

అది నవ్వలేదు.

ఆ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తింటున్నా చూపు దాని మీదే. రెండు రోజులు మోగలేదు. మూడో రోజు మధ్యాహ్నం మోగింది.

"బాబాయ్." అల్లుడి గొంతు సన్నగా ఉంది. "మొదలైంది. ఆటో పిలిచాను, వస్తోంది. ఈలోగా పంపు వేస్తున్నా. నువ్వు ఫోను పెట్టెయ్యకు."

వెనకాల ఆ కూతలు వినిపించాయి. చిల్లుపడ్డ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు. ఫోను చెవికి పెట్టుకునే గేటు దాకా పోయాను.

"డ్యూటీలో ఉన్నవాళ్ళని పిలవడానికి లేదు" అన్నాడు గార్డు, చూపు ఎత్తకుండానే. పేనుకి పెత్తనమిచ్చినట్టుంది అనుకున్నా లోపల. వాదించే ఓపిక లేక ఫోను తీసుకెళ్ళి ఆయన చెవి దగ్గర పెట్టాను. కాస్సేపు విన్నాడు. లేచి, కుర్చీ కూడా సర్దకుండా లోపలికి పరిగెత్తాడు. మనసులో అనుకున్న మాటకి నేను సిగ్గుపడ్డాను.

మా పిల్ల వచ్చింది. మెడలో టేపు, భుజాల మీద దారప్పోగులు. ఫోను లాక్కుంది. అరుస్తుందేమో, అలా చెయ్యి ఇలా చెయ్యి అంటుందేమో అనుకున్నా. చెవికి ఆనించుకుని, నోరు తెరవలేదు.

అవతల అతను పిల్లతో మాట్లాడుతున్నాడు. స్పీకరు పెట్టి ఉంది కాబట్టి నాకూ వినబడుతోంది. "వంగకు తల్లీ, నాకు ఆనుకో. ఊపాను, చూశావుగా. ఇప్పుడు మెల్లగా పీల్చు. ఆ, అంతే. ఇంకోసారి. మనకేం తొందర లేదు."

అతను ఒక్కో మాట అంటుంటే ఈమె పెదాలు కూడా కదులుతున్నాయి, చప్పుడు లేకుండా. ఒకసారి ఏదో అనబోయి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. వింటోందని అతనికి తెలియదు. గార్డు దూరంగా నిలబడి గేటు వైపు తిరిగాడు.

ఎంతసేపో నాకు తెలీదు. ఆ కూత కొంచెం కొంచెంగా సన్నబడింది. తర్వాత బుడంకాయ గొంతు వచ్చింది, "నాన్నా, నీ చెయ్యి సబ్బు వాసనొస్తోంది" అని.

అప్పుడంది మా పిల్ల, "నేనే."

అవతల అల్లుడు అడిగాడు, "ఎప్పట్నుంచీ ఉన్నావు?"

"ఇందాకట్నుంచీ."

"ఏమీ అనలేదేం?"

"అనడానికేం మిగిల్చావు."

ఆటో వచ్చింది, డాక్టరమ్మ దగ్గరికి పోయారు. వ్యాను తియ్యనా అని మా పిల్లనడిగాను. డాక్టరమ్మ ఏమందో విన్నాక చెప్తానంది. గార్డు తన కుర్చీ తెచ్చి వేశాడు. అందులో కూర్చుని ఫోను రెండు చేతుల్తో పట్టుకుంది. అల్లుడి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. పిల్లకి పర్లేదు, మీరు చేసింది సరిగ్గానే ఉంది, రేపు మళ్ళీ చూపించండి, ఆ గది మాత్రం మార్చండి అని డాక్టరమ్మ చెప్పిందట. మా పిల్ల ఇంకాసేపు అలాగే కూర్చుంది. లేచి, ఫోను నాకిచ్చి, లోపలికెళ్ళి లైను దగ్గర నిలబడింది.

సాయంత్రం వ్యాన్లో నా పక్క సీట్లో కూర్చుంది. వెనక అందరూ నిద్రపోతున్నారు.

"మావయ్యా, ఆ చప్పుడు నాకొక్కదానికే వినబడుతుందనుకున్నాను. నేను పక్కకి జరిగితే దాని ఊపిరి ఆగిపోతుందనుకున్నాను."

"ఇప్పుడు భయం తగ్గిందిగా?"

"తగ్గింది. దాని చోట్లో ఇంకేదో వచ్చి కూర్చుంది. పేరు తెలీదు."

నేను గేరు మార్చాను.

వారం అయ్యాక, ఉద్యోగానికి వస్తానని ఫ్యాక్టరీవాళ్ళకి చెప్పేసింది. ఒక్కటే అడిగింది, ఇంటి దగ్గర్నుంచి అత్యవసరం అంటే అందుకోవడానికి లైను దగ్గర ఒక ఫోను పెట్టించమని. చూస్తాం అన్నారు. చూస్తాం అంటే ఏంటో మీకూ తెలుసు. ఫోను ఇంకా నా దగ్గరే ఉంటోంది.

ఇల్లు మారారు. మేడ మీద వాటా, పొద్దున్నే ఎండ మంచం దాకా వస్తుంది. పిల్లికూతలు తగ్గాయి. పూర్తిగా పోయాయని అనను.

మొన్న మేనకోడల్ని దింపి, మంచినీళ్ళకని నేనూ పైకెళ్ళాను. బుడంకాయ నాన్న ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని ఉంది. ముందు పన్ను లేదు.

"అయ్యో, పన్నెప్పుడూడింది నా తల్లికి? ఎలా ఊడింది, చెప్పు" అంటూ మా పిల్ల కింద కూర్చుండిపోయింది.

"నాన్నకి చెప్పేశానుగా. స్కూల్లో చెప్పాను, పక్కింటి అత్తకి చెప్పాను. నాన్ననడుగు." నిద్రమత్తులో ఉంది పిల్ల.

"నాకోసం ఇంకోసారి చెప్పవా?"

"రేపు చెప్తాలే అమ్మా."

అల్లుడు చెప్పబోయాడు. మా పిల్ల వద్దని తలూపింది. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి, ఊపిరి ఒకసారి విని, "సరే, రేపే" అంది.

అది చేసింది తప్పో ఒప్పో నేను చెప్పలేను, నాకంత తెలివి లేదు. మీకు తెలిసినవాళ్ళలో ఇలాంటి ఆలోచనలో ఎవరైనా నలుగుతుంటే, ఈ కథ వాళ్ళకి పంపొద్దు. వాళ్ళకి నిద్రే సరిగ్గా ఉండదు, కథలెందుకు. వాళ్ళ పక్కన కూర్చుని వెళ్ళమనీ మానెయ్యమనీ సలహాలిచ్చే వాళ్ళుంటారు చూడండి, వాళ్ళకి పంపండి. మా అక్కకి నేను ముందే పంపించేశాను.