గేటు నుంచి గడప దాకా

ఆమె ముప్పై ఏళ్ళు రోడ్లు వేయించింది. తారు కాగే డ్రమ్ముల పక్కన నిలబడి, రోలరు ముందు నడిచి, ఎక్కడ వాలు తప్పిందో కంటితోనే చెప్పగలిగేది. పనివాళ్ళందరికీ ఆమె మేస్త్రమ్మ. ఆమె భర్త దర్జీ. రోడ్డు పని ఎక్కడికి సాగితే అక్కడికి కుట్టుమిషను వెంటబెట్టుకుని వెళ్ళినవాడు. ఆ ముప్పై ఏళ్ళలో పదిహేడు అద్దె ఇళ్ళు మారారు. ప్రతిచోటా కిటికీ పక్కన మిషను వేసుకోవడం, కుట్టించుకునేవాళ్ళు నలుగురు అలవాటయ్యేసరికి మళ్ళీ మూటలు కట్టడం. ఎందుకని గానీ, ఎక్కడికని గానీ ఆయన ఏనాడూ అడగలేదు.

ఆమె పని మానేశాక ఊరి చివర, పొలాల మధ్య, చిన్న ఇల్లు కొనుక్కున్నారు. గేటు నుంచి గడప దాకా రెండు వందల అడుగుల మట్టి దారి. మొదటి వానకే అది బురదయింది. ఆయన చెప్పు ఒకటి అందులో దిగబడి, కాలు మాత్రం బయటికొచ్చింది.

"దీని మీద ఏదో ఒకటి పరిపించాలి. నువ్వే చెప్పు, ఏం వేద్దాం?" అన్నాడాయన.

"మీ ఇష్టం."

"ఇంట్లో రోడ్డు మేస్త్రిని పెట్టుకుని దర్జీని అడిగితే నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీండి. ఇన్నాళ్ళూ నా వెనకే తిరిగారు. ఈ ఇంటి దారి మాత్రం మీరు చెప్పినట్టే. నేను నోరెత్తను."

నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ మాట అనడంతో ఆయనకు నిజంగానే బాధ్యత మీద పడ్డట్టయింది. మర్నాటి నుంచే సంచిలో టేపు, ఒక చిన్న పుస్తకం వేసుకుని సైకిలు మీద బయలుదేరాడు. కనపడిన ప్రతి ఇంటి ముందూ దిగి, అడిగి, కొలిచి రాసుకున్నాడు. ఒకరి ఇంట్లో బకెట్టు నీళ్ళు అడిగి తీసుకుని, వాళ్ళ దారి మీదే పోసి, ఇంకడానికి ఎంతసేపు పడుతుందో చూశాడు. సిమెంటు వద్దనుకున్నాడు. మధ్యాహ్నం ఎండకు అది కళ్ళలో కొడుతుంది, ఆ తర్వాత సూదిలో దారం ఎక్కదు. తారు అసలే వద్దనుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఆమె బట్టలకంటిన తారు మరకలు కిరసనాయిలుతో వదిలించింది ఆయనే మరి. ఇటుకలు పరిచిన చోట పాచి కనపడింది.

పదిహేనో రోజున ఏటి ఒడ్డున గులకరాళ్ళ కుప్ప చూశాడు. అప్పుడే వాన వెలిసింది. తెలుపు, బూడిద, తేనె రంగు, ఒక్కో రాయీ ఒక్కో గుండీలా మెరుస్తోంది. ఆరు రాళ్ళు జేబులో వేసుకొచ్చి, బల్ల మీద కాజాల వరస లాగా పేర్చాడు.

"ఎలా ఉన్నాయి?"

ఆమె చాలాసేపు చూసింది. "బాగున్నాయండీ" అని పెరట్లోకి వెళ్ళి, తీగ మీద ఆరేసిన తువ్వాలునే తీసి మళ్ళీ ఆరేసింది.

రాళ్ళు తెచ్చిన లారీ డ్రైవరు ఆమె దగ్గర పదేళ్ళు పనిచేసినవాడు. ఆమెను అక్కా అంటాడు కాబట్టి ఈయన్ని బావా అంటాడు, ఆ వరస ఉంది కదాని ఆటపట్టిస్తాడు. "అక్కా, ఇవి దారికా?" అని అడగబోతే ఆమె పెదవుల మీద వేలు పెట్టింది. అతను తల గోక్కుని రాళ్ళు దించి వెళ్ళాడు.

దారి చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నడుస్తుంటేనే శనగల మీద నడుస్తున్నట్టు ఉంది. సైకిలు చక్రం ఎటు తిప్పితే అటు కాక ఇంకెటో పోతోంది. "కొత్త కదా, సర్దుకుంటుంది" అనుకున్నాడాయన.

రెండో వారంలో, లారీ డ్రైవరు ప్యాంటు కొలత ఇవ్వడానికి వచ్చి ఉన్న సమయంలో, ఒక హెడ్మాస్టరమ్మ బట్టల మూటతో స్కూటరు మీద వచ్చింది. సగం దారిలో ముందు చక్రం రాళ్ళలో కూరుకుంది. ఆవిడ బస్తా ఒరిగినట్టు మెల్లగా పక్కకు ఒరిగిపోయింది. దెబ్బలేం తగల్లేదు. "మా బడి పిల్లలెవరూ చూడలేదు, అదే పదివేలు" అని ఆవిడే నవ్వుతూ లేచింది. దర్జీ మాత్రం సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆవిడ వెళ్ళాక డ్రైవరు నవ్వుతూ అన్నాడు: "ఆ రోజే చెబుదామనుకున్నా బావా, అక్కే ఆపింది. గుండ్రాయి నిలవదని అక్కకి తెలీదా ఏంటి?"

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. ఆయనకూ ఆ నవ్వే గుచ్చుకుంది. ఆ సాయంత్రం మిషను తొక్కుతూ కూర్చున్నాడు. ఆమె వచ్చి చూస్తే సూదిలో దారమే లేదు.

"కోపమా?"

"నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"తెలిసీ చెప్పలేదు."

"పదిహేడు ఇళ్ళండీ. ఒక్కదానికీ మిమ్మల్ని అడగలేదు నేను. ఇదొక్కటైనా మీకు నచ్చినట్టు జరగాలనుకున్నా. అడ్డం చెబితే మళ్ళీ నా రోడ్డే అవుతుంది కదా."

ఆయన మిషను ఆపాడు. "నువ్వు చొక్కా తొడుక్కుని బయలుదేరావనుకో, భుజం వంకరగా ఉందనుకో. నీకు నచ్చింది కదా అని నేను చూస్తూ ఊరుకుంటానా? ఊరుకుంటే అది మర్యాదా?"

ఆమె మిషను పక్కనే నేల మీద కూర్చుంది.

"నాకు ఇష్టం లేకుండా నేనెక్కడికీ రాలేదు. ఆ మాట నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. అంతే." సూదిలో దారం ఎక్కిస్తూ, "అయినా ఆ నాలుగో ఇంట్లో నల్లులు మాత్రం నా ఇష్టం కాదు" అన్నాడు.

ఆమెకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. కొంగుతో ముఖం తుడుచుకుని, బయటికి వెళ్ళి, రోడ్డు పక్క నుంచి కంకర రాళ్ళు ఓ గుప్పెడు, దారిలోంచి గులకరాళ్ళు ఓ గుప్పెడు తెచ్చింది. రెండింటినీ నేల మీద కుప్పలు పోసి, "తొక్కండి" అంది. గులకరాళ్ళు తలోదిక్కుకూ పారిపోయాయి. కంకర కరకరమని, ఉన్నచోటే బిగుసుకుంది.

"దీనికి అంచులున్నాయి. ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. అడుగున పెద్ద రాయి, దాని మీద కంకర, పైన రాతిపొడి పోసి, తడిపి తొక్కించాలి. మధ్యలో నాలుగు వేళ్ళ ఎత్తు ఉంటే నీళ్ళు రెండు పక్కలకీ జారిపోతాయి."

"కోటు లాంటిదే అన్నమాట. అడుగున అస్తరు, మధ్యలో కాన్వాసు, పైన గుడ్డ."

"నా పనివాళ్ళకి ఇది బుర్రకెక్కించడానికి నాకు ఏళ్ళు పట్టింది" అందామె, ఆయన్ని కొత్తగా చూస్తూ.

వారం రోజులు గులకరాళ్ళు ఏరడానికే సరిపోయింది. వాటిని చూరు నీళ్ళు పడేచోట, గోడ పొడుగునా పోయించాడాయన. అక్కడ అవి కదలవు, వాన పడ్డప్పుడల్లా మెరుస్తాయి. ఇక దారి గీతల దగ్గర ఇద్దరికీ మళ్ళీ పేచీ వచ్చింది. ఆమె తాడు కట్టి తిన్నగా పోవాలంది. ఆయన సుద్దపొడి తీసుకుని, నిమ్మచెట్టును చుట్టి, చొక్కా చంక కోత లాగా ఒక వంపు గీశాడు.

"లారీ తిరగదు" అందామె.

"ఎంత వదిలితే తిరుగుతుంది?"

ఆమె అడుగులు వేసి కొలిచింది. "ఇక్కడ రెండడుగులు వెడల్పు చేయాలి."

"చేద్దాం. కుట్లలో కాస్త వదులు ఉంచడం నాకు కొత్తా?"

రోలరు వచ్చిన రోజు ఆమె చేతిలో కర్ర పట్టుకుని ముందు నడిచింది. ఆయన పక్కనే నడుస్తూ, మధ్యమధ్యలో వంగి, చేత్తో నిమిరి చూశాడు, ఇస్త్రీ చేసిన గుడ్డని నిమిరినట్టు. "ఇక్కడ ముడత పడింది" అన్నాడొకచోట. ఆమె నవ్వబోయి, వంగి చూసింది. నిజంగానే పల్లం. రోలరును వెనక్కి రమ్మంది.

నెలాఖరుకు గోడలకు రంగు వేసే మనిషి వచ్చాడు. నమూనా అట్టలు గడప మీద పరిచాడు. ఆయన వాటిల్లోంచి చిలకపచ్చ అట్ట తీసి, ముందు గదికి ఇదెలా ఉంటుందని అడిగాడు.

"మీ ఇ..." అని ఆమె ఆగింది. అట్ట చేతిలోకి తీసుకుని, వెలుతురులో ఇటూ అటూ తిప్పింది.

"అస్సలు బాలేదండీ" అంది.

"హమ్మయ్య" అన్నాడాయన, ఆమె పక్కన గడప మీద కూర్చుంటూ. "అయితే ఏది బాగుంటుందో చూపించు."